మందు వికటించి ఆసుపత్రిలో చేరితే: క్యాజువాలిటీ నుంచి రిపోర్టు దాకా

క్లినికల్ ఫార్మసిస్టుగా పొద్దున్నే నా మొదటి పని రాత్రి అడ్మిషన్ల రిజిస్టర్ తిరగేయడం. డయాగ్నసిస్ గడిలో 'మందు వికటించింది' అని ఎవరూ రాయరు. 'స్పృహ లేదు', 'నల్ల విరేచనాలు', 'కామెర్లు', 'కిడ్నీ ఫెయిల్యూర్', 'ఒళ్ళంతా పొక్కులు', 'సోడియం తక్కువ' అని ఉంటుంది. వీటిలో ఏది జబ్బు వల్ల వచ్చింది, ఏది మందు వల్ల వచ్చింది అని తేల్చడం, తేలినదాన్ని రిపోర్టు చేయడం, ఆ మనిషికి మళ్ళీ అదే మందు పడకుండా చూడటం మా పని. అది ఎలా జరుగుతుందో, ఎక్కడ దెబ్బతింటుందో రాస్తున్నాను.

ఇంగ్లండ్‌లో మెర్సీసైడ్ ప్రాంతంలోని రెండు ఆసుపత్రుల్లో 18,820 అడ్మిషన్లను పరిశీలించి 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. వాటిలో 6.5 శాతం మందుల దుష్ప్రభావాలకు సంబంధించినవే. కారణమైన మందుల్లో పైవరసలో ఉన్నవి తక్కువ డోసు ఆస్పిరిన్, మూత్రం ఎక్కువ పోయేలా చేసే బిళ్ళలు, వార్ఫరిన్, నొప్పుల బిళ్ళలు. అమెరికాలో 65 ఏళ్ళు దాటినవాళ్ళ మీద 2011లో వచ్చిన అధ్యయనంలోనైతే మందుల దుష్ప్రభావాల వల్ల జరిగిన ఎమర్జెన్సీ అడ్మిషన్లలో మూడింట రెండు వంతులు నాలుగే నాలుగు రకాల నుంచి వచ్చాయి: వార్ఫరిన్, ఇన్సులిన్, ఆస్పిరిన్ లాంటి ప్లేట్‌లెట్ మందులు, షుగర్ బిళ్ళలు. కొత్తగా మార్కెట్‌లోకి వచ్చిన మందులనే అనుమానించడం అలవాటైనవాళ్ళు ఈ జాబితాను ఒకసారి చూసుకోవాలి. అన్నీ పాతవే, చౌకవే, ప్రతి ఇంట్లో ఉండేవే. మన వార్డుల్లో వీటికి తోడు టీబీ మందులు, మూర్ఛ మందులు, ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చే పొట్లాలు కలుస్తాయి.

అసలు కష్టమంతా అడగడంలో ఉంది. "మందులేమైనా వాడుతున్నారా అమ్మా?" అంటే "ఏం లేవు సార్" అనే జవాబే ఎక్కువ. అబద్ధం కాదది. ఏళ్ళ తరబడి వేసుకునే షుగర్ బిళ్ళ, బీపీ బిళ్ళ వాళ్ళ లెక్కలో మందులు కావు. అందుకని రోజును ముక్కలు చేసి అడుగుతాం. పొద్దున పరగడుపున ఏం వేసుకుంటారు? టిఫిన్ అయ్యాక? రాత్రి పడుకునే ముందు? ఆ తర్వాత, మోకాళ్ళ నొప్పులకి ఎవరి దగ్గరికి వెళ్తారు, సూది ఏమైనా వేశారా? కంట్లో చుక్కలు, ఒంటికి పూత, పీల్చే మందు? చూర్ణం, భస్మం, పసరు? పక్కింటివాళ్ళకి పనిచేసిందని తెచ్చుకున్నది ఏమైనా ఉందా? చివరి ప్రశ్నను చాలామంది మర్చిపోతారు: ఈ మధ్య ఏ బిళ్ళ ఆపేశారు? మూర్ఛ మందు, స్టెరాయిడ్, గుండె దడకు వాడే ప్రొప్రనలాల్, బీపీకి వాడే క్లోనిడిన్ లాంటివి ఉన్నట్టుండి ఆపినందుకు చేరేవాళ్ళూ ఉంటారు.

ఇంత అడిగాక కూడా నమ్మదగినది మందుల కవరే. "ఇంట్లో ఉన్న కవరు మొత్తం పట్టుకురండి బాబూ, ఖాళీ అట్టలు కూడా పారేయొద్దు" అని కొడుక్కో కోడలికో చెప్పి పంపుతాం. ఖాళీ అట్ట చెప్పినంత నిజం మనిషి చెప్పలేడు. కీళ్ళవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్‌నే తీసుకోండి. అది వారానికి ఒక్క రోజు వేసుకోవాల్సిన మందు. పది రోజుల కిందటి బిల్లు, పది బిళ్ళల అట్ట పూర్తిగా ఖాళీ అంటే రోజూ వేసుకున్నారనే అర్థం. అప్పటికి నోరంతా పుండ్లు పడి ఉంటాయి. ఇంట్లోవాళ్ళు వేడి చేసిందనుకుని మజ్జిగ, సబ్జా నీళ్ళు తాగిస్తూ ఉంటారు. రక్తపరీక్షలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు రెండూ పడిపోయి కనిపిస్తాయి. ఇక్కడ విరుగుడు ఫోలినిక్ యాసిడ్, అంటే ల్యూకోవోరిన్. మామూలు ఫోలిక్ యాసిడ్ బిళ్ళ సరిపోదు, ఎందుకంటే దాన్ని శరీరం వాడుకునే దారినే మెథోట్రెక్సేట్ మూసేస్తుంది. చీటీ మీద 'వారానికి ఒకసారి' అని రాస్తే చాలదు, 'ఆదివారం మాత్రమే' అని వారం పేరు రాయాలి. ఇది నేను ఎంతమందికైనా, ఎన్నిసార్లైనా చెప్తాను.

అట్ట లేకుండా కాగితంలో కట్టిచ్చిన బిళ్ళలతో ఇంకో చిక్కు. తెల్లదొకటి, పచ్చదొకటి, చిన్న గులాబీ రంగుదొకటి. పేరు ఉండదు. నొప్పులకి నెలల తరబడి ఇవి వాడిన మనిషి ముఖం గుండ్రంగా ఉబ్బి, చేతుల మీద చర్మం పలచనై, చిన్న దెబ్బకే కమిలిపోతుంటే వాటిలో డెక్సామెథసోన్‌ లాంటి స్టెరాయిడ్ ఉందనే అనుకోవాలి. అలాంటివాళ్ళు రెండు రోజులు జ్వరంతో ఆ పొట్లం వేసుకోకపోతే బీపీ పడిపోతుంది, సోడియం తగ్గుతుంది, సెలైన్ ఎంత ఎక్కించినా కోలుకోరు. శరీరం తన సొంత స్టెరాయిడ్ అయిన కార్టిసాల్ తయారుచేయడం ఎప్పుడో మానేసి ఉంటుంది. ఇక్కడ హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు నరానికి ఇచ్చాకే మనిషి లేస్తాడు. బిళ్ళ పేరు తేలేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. పేరు కోసం ఆ ఆర్‌ఎంపీకి ఫోన్ చేసేటప్పుడు గొంతులో నింద వినిపించకూడదు. "మీ మీద కంప్లయింట్ ఏమీ లేదండీ, ఏం ఇచ్చారో తెలిస్తే పెద్దాయనకి వైద్యం సులువవుతుంది" అంటే సాధారణంగా చెప్పేస్తారు.

మందులన్నీ తెలిశాక తేదీలు. ఒక కాగితం మీద అడ్డగీత గీసి, ఏ మందు ఏ తేదీన మొదలైంది, డోసు ఎప్పుడు మారింది, ఎప్పుడు ఆగింది, లక్షణం ఎప్పుడు మొదలైంది అని గుర్తులు పెట్టుకుంటాం. జూనియర్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. నిన్న మొన్న వేసిన మందునే అనుమానిస్తారు. కానీ ఒక్కో రియాక్షన్‌కు ఒక్కో గడువు ఉంటుంది. సూది మందుకు అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ, నిమిషాల్లో వస్తుంది. యాంటీబయాటిక్ దద్దుర్లు తరచు నాలుగో రోజు నుంచి రెండు వారాల లోపు. నోరు, కళ్ళు, చర్మం ఊడిపోయే స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ మందు మొదలుపెట్టిన నాలుగు రోజుల నుంచి నాలుగు వారాల మధ్య. జ్వరం, ముఖం వాపు, ఒళ్ళంతా దద్దుర్లు, లివర్ దెబ్బతినడం కలిసి వచ్చే డ్రెస్ (DRESS) అనే రియాక్షన్ అయితే రెండు నుంచి ఎనిమిది వారాలు. టీబీ మందులతో కామెర్లు ఎక్కువగా మొదటి రెండు నెలల్లో. బీపీకి వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్ వల్ల పెదాలు, నాలుక ఉబ్బడం ఏళ్ళ తర్వాత కూడా రావచ్చు. కాబట్టి చర్మం కేసు వస్తే కనీసం ఎనిమిది వారాలు వెనక్కి వెళ్ళి అడగాలి. జ్వరం వచ్చిందని నిన్న ఇచ్చిన పారాసిటమాల్ మీద నేరం పడి, నెల కిందట మొదలైన మూర్ఛ మందు కార్బమజెపిన్ తప్పించుకుందంటే ఇంటికెళ్ళాక ఆ మనిషి మళ్ళీ కార్బమజెపిన్ వేసుకుంటాడు.

తరచూ చూసే కేసు ఒకటి మాదిరిగా చెప్తాను. డెబ్భై దాటిన పెద్దాయన. తెల్లవారుజామున మాట తడబడింది, కుడిచెయ్యి లేవట్లేదు. పక్షవాతం అని తీసుకొచ్చారు. సీటీకి పంపేముందు గ్లూకోమీటర్‌తో చూస్తే షుగర్ 34. (ఇంట్లో నోట్లో పంచదార వేసిన చేతులు ఆయన వేళ్ళకీ తగిలి ఉంటాయి. వేలు తడిగుడ్డతో తుడిచి, ఆరాక గుచ్చాలి. లేకపోతే మీటర్ ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. స్పృహ లేని మనిషి నోట్లో పంచదార నీళ్ళు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.) 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మిల్లీలీటర్లు, అంటే 25 గ్రాముల గ్లూకోజు ఎక్కించేసరికి పది నిమిషాల్లో చెయ్యి లేచింది, మాట వచ్చింది.

ఇంట్లోవాళ్ళు అప్పుడే "ఇంక తీసుకెళ్ళిపోతాం సార్" అంటారు. పంపకూడదు. ఆయన వేసుకునేది గ్లిమెపిరైడ్ అనే షుగర్ బిళ్ళ. దాని ప్రభావం ఒక రోజుకు పైగా ఉంటుంది, కిడ్నీ సరిగా లేకపోతే ఇంకా ఎక్కువ. పైగా మనం ఎక్కించిన గ్లూకోజే, ఆ మందు పట్టులో ఉన్న క్లోమాన్ని రెచ్చగొట్టి మరింత ఇన్సులిన్ వదిలేలా చేస్తుంది. కొన్ని గంటలకే షుగర్ మళ్ళీ పడిపోతుంది. అందుకే 10 శాతం డెక్స్‌ట్రోజ్ డ్రిప్, మొదట గంటగంటకూ షుగర్ పరీక్ష, కనీసం 24 నుంచి 48 గంటలు వార్డులో. పదేపదే పడిపోతుంటే ఆక్ట్రియోటైడ్ 50 మైక్రోగ్రాములు చర్మం కింద ఇస్తే ఇన్సులిన్ విడుదల తగ్గుతుంది.

షుగర్ ఎందుకు పడిందన్నది అసలు ప్రశ్న. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.8 వచ్చింది. రెండు నెలల కిందటి రిపోర్టులో 1.2. కవరు తెరిస్తే కథ బయటపడింది. రెండు వారాల కిందట గ్లిమెపిరైడ్ 1 మిల్లీగ్రాము నుంచి 2కు పెంచారు. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన బిళ్ళ ఎప్పటినుంచో ఉంది. వారంగా మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్, రోజుకు రెండు. మూడు రోజుల నుంచి విరేచనాలు, తిండి సరిగా లేదు, షుగర్ బిళ్ళ మాత్రం వదలకుండా వేసుకున్నారు. కిడ్నీలోకి రక్తం తెచ్చే గొట్టాన్ని డైక్లోఫెనాక్ ఇరుకు చేస్తుంది. బయటికి తీసుకెళ్ళే గొట్టాన్ని టెల్మిసార్టాన్ వెడల్పు చేస్తుంది. థయజైడ్, విరేచనాలు కలిసి ఒంట్లో నీటినే తగ్గించేస్తాయి. మూడూ కలిస్తే కిడ్నీలో వడపోతకు కావాల్సిన ఒత్తిడే ఉండదు. కిడ్నీ మందగించాక గ్లిమెపిరైడ్ నుంచి పుట్టే, షుగర్‌ను తగ్గించే గుణమున్న పదార్థం బయటికి పోకుండా పేరుకుంటుంది. తిండి లేదు, మందు ఉంది. కేస్ షీట్‌లో 'హైపోగ్లైసీమియా, సరిదిద్దాం' అని ముగిస్తే డైక్లోఫెనాక్ సంగతి ఎక్కడా రాదు, పెద్దాయన ఇంటికెళ్ళి మళ్ళీ అదే వేసుకుంటారు. రిపోర్టులో మేం రెండు రియాక్షన్లు విడివిడిగా రాస్తాం: గ్లిమెపిరైడ్‌తో షుగర్ పడిపోవడం, డైక్లోఫెనాక్‌తో కిడ్నీ దెబ్బతినడం. టెల్మిసార్టాన్, థయజైడ్‌లను రెండోదానికి తోడైన మందులుగా చూపిస్తాం.

అనుమానాన్ని కొలవడానికి నరాంజో స్కేలు ఉంది. 1981లో వచ్చింది, పది ప్రశ్నలు. 9, ఆపైన వస్తే నిశ్చయం, 5 నుంచి 8 దాకా బహుశా అదే, 1 నుంచి 4 దాకా కావచ్చు, సున్నా, ఆ కిందకు వస్తే సందేహమే. పెద్దాయన గ్లిమెపిరైడ్‌కు వేసి చూద్దాం. ఈ మందుతో ఇలా అవుతుందని ముందే తెలుసా? తెలుసు, 1. మందు మొదలయ్యాకే వచ్చిందా? అవును, 2. ఆపాక తగ్గిందా? తగ్గింది, 1. మళ్ళీ ఇచ్చి చూశామా? లేదు, ఇవ్వం కూడా, 0. డోసు పెంచాక ఎక్కువైందా? పాత డోసులో అప్పుడప్పుడు చెమటలు, వణుకు మాత్రమే ఉండేవి, పెంచాక మాట, చెయ్యి రెండూ పడిపోయాయి, 1. పరీక్షతో రుజువైందా? అయింది, 1. ఉత్తుత్తి మందు ఇచ్చి చూడటం, రక్తంలో మందు స్థాయి కొలవడం చేయలేదు, ఈ మందు మొదలుపెట్టకముందు ఇలాంటి మందులతో ఇలా అయిన దాఖలా లేదు, అవన్నీ 0. ఇంతవరకు 6. మిగిలిన ప్రశ్న, వేరే కారణం ఉందా? వాదన వచ్చేది దీని మీదే. తిండి లేకపోవడం, కిడ్నీ దెబ్బ వేరే కారణాలే అని పీజీ డాక్టరు అంటే మైనస్ 1, మొత్తం 5. అవి మందు పేరుకోవడానికి దారులే తప్ప వాటంతట అవి షుగర్‌ను 34కు దించవు అంటే ప్లస్ 2, మొత్తం 8. ఎటు తిప్పినా 'బహుశా అదే' గడిలోనే పడుతుంది. వాదించుకోవాల్సిందే, కానీ దానికోసం రిపోర్టు ఆపనక్కర్లేదు.

తీవ్రతకు హార్ట్‌విగ్ స్కేలు వాడతాం. అడ్మిషన్‌కు రియాక్షనే కారణమైతే నాలుగో స్థాయి. ఆపగలిగేదేనా అని చూడటానికి షూమాక్, థార్న్‌టన్ ప్రశ్నలున్నాయి: వయసుకూ కిడ్నీ పనితీరుకూ డోసు తగినదేనా, చేయాల్సిన పరీక్షలు చేశారా, మందుకూ మందుకూ పడనిది ఉందా, అలర్జీ ముందే తెలిసీ ఇచ్చారా. ఒక్కదానికి తేడా జవాబు వచ్చినా ఆపగలిగేదే. ఈ కేసులో రెండు మూడింటికి వస్తుంది.

రిపోర్టు వెళ్ళేది ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్‌కు. దేశవ్యాప్త ఫార్మకోవిజిలెన్స్, అంటే మందుల దుష్ప్రభావాలపై నిఘా పెట్టే, కార్యక్రమం 2010లో ఢిల్లీ ఎయిమ్స్‌లో మొదలై 2011లో అక్కడికి మారింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాలా మెడికల్ కాలేజీల్లో ఏడీఆర్ (మందుల దుష్ప్రభావాల) మానిటరింగ్ సెంటర్లున్నాయి. అక్కడినుంచి వివరాలు స్వీడన్‌లో ఉప్సాలా కేంద్రం నడిపే ప్రపంచ డేటాబేస్‌లో కలుస్తాయి. ఫారంలో నాలుగు సంగతులు లేకుండా రిపోర్టు నిలబడదు: పేషెంటు పొడి అక్షరాలు, వయసు లాంటి గుర్తు; ఏం జరిగింది, ఎప్పుడు మొదలైంది; అనుమానించే మందు; రాసేవాళ్ళ వివరాలు. అనుమానం చాలు, రుజువు అక్కర్లేదు. రిపోర్టు పంపినంత మాత్రాన డాక్టరుదో కంపెనీదో తప్పని ఒప్పుకున్నట్టు కాదని ఫారం మీదే రాసి ఉంటుంది. అయినా 'మన పేరు ఎందుకులే' అనే భయంతో ఆగిపోయే రిపోర్టులే ఎక్కువ. ఆ భయం పోగొట్టడానికి సీనియర్ డాక్టర్లు తమ వార్డు కేసును తామే ముందు రాయడం కంటే మంచి మార్గం నాకు కనపడలేదు.

ఫారంలో ఎప్పుడూ ఖాళీగా మిగిలేది బ్యాచ్ నంబరు. నాలుగు బిళ్ళలు కావాలంటే షాపులో అట్టను కత్తిరించి ఇస్తారు, బ్యాచ్, ఎక్స్‌పైరీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. ఇన్సులిన్, వ్యాక్సిన్, సూది మందులకు ఆ నంబరు లేకపోతే నాణ్యతలో లోపమా, మందు గుణమా అన్నది తేల్చలేం. బిల్లు ఉంటే దాని మీద దొరుకుతుంది. 2023 ఆగస్టు 1 నుంచి తయారైన 300 ముఖ్యమైన బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు, అందులోనూ బ్యాచ్ ఉంటుంది. తోడుగా వాడిన మందుల గడిలో ఆయుర్వేదం, సొంతంగా కొనుక్కున్నవి కూడా రాయాలి. అక్కడ 'లేవు' అని కొట్టేసిన రిపోర్టు చూస్తే నాకు నమ్మకం కుదరదు.

ఇలా చేరిన రిపోర్టుల నుంచే హెచ్చరికలు వస్తాయి. నెలసరి నొప్పికి మనవాళ్ళు చీటీ లేకుండా కొనే మెఫెనమిక్ యాసిడ్‌తో డ్రెస్ రావచ్చని 2023 నవంబరు చివర్లో కమిషన్ హెచ్చరిక విడుదల చేసింది.

పేషెంటు గానీ ఇంట్లోవాళ్ళు గానీ నేరుగా కూడా రిపోర్టు చేయొచ్చు. వాళ్ళకోసం వేరే ఫారం ఉంది, తెలుగులోనూ దొరుకుతుంది. పనిదినాల్లో 1800-180-3024కు ఉచితంగా ఫోన్ చేసి చెప్పొచ్చు. అనుమానం వచ్చిందని స్టెరాయిడ్, మూర్ఛ, గుండె మందులను మీ అంతట మీరు ఆపకండి, ముందు డాక్టరును అడగండి. ఒంటి మీద దద్దుర్లతో పాటు జ్వరం, నోట్లో పుండ్లు, కళ్ళ ఎరుపు ఉంటే మాత్రం తర్వాతి డోసు వేసుకోకుండా, ఆ అట్ట చేతిలో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి రండి.

డిశ్చార్జి రోజున ఒక కార్డు ఇస్తాం. దాని మీద బ్రాండు పేరు ఒక్కటే రాస్తే పనికిరాదు, అదే మందు ఇంకో పేరుతో పక్క షాపులో దొరుకుతుంది. జనరిక్ పేరు తెలుగులో, ఇంగ్లీషులో, ఏం జరిగింది, ఏ తేదీన, దాని చుట్టాల్లో ఏవి వాడకూడదు అన్నవి రాస్తాం. కార్బమజెపిన్‌తో చర్మం ఊడినవాళ్ళ కార్డు మీద ఫినిటోయిన్, ఫినోబార్బిటోన్, ఆక్స్‌కార్బజెపిన్ కూడా ఉంటాయి. పెద్దాయన కార్డు మీద డైక్లోఫెనాక్‌తో పాటు ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్ రాసి, నొప్పికి పారాసిటమాల్ వాడొచ్చని, విరేచనాలైన రోజుల్లో బీపీ, షుగర్ బిళ్ళలు వేసుకునేముందు ఫోన్ చేయమని రాస్తాం. గ్లిమెపిరైడ్ మళ్ళీ మొదలుపెట్టరు, దాని బదులు ఏం వాడాలన్నది డాక్టరు నిర్ణయిస్తారు. టెల్మిసార్టాన్ సంగతి వారం తర్వాత క్రియాటినిన్, పొటాషియం చూశాకే. ఆ రిపోర్టు వచ్చాక మేం పాత ఫైలునే మళ్ళీ తెరిచి, అదే నంబరు మీద ఫాలో‌అప్‌గా, ఫలితం గడిలో 'కోలుకుంటున్నారు' తీసేసి 'కోలుకున్నారు' అని మార్చి పంపుతాం.